దారం పెట్టె మీది మాట

మా అత్తగారు మిషను మీద కూర్చుంటే తల ఎత్తరు. చెయ్యి వెనక్కి చాచి రంగు పేరు చెబుతారు. దగ్గరున్నవాళ్ళు ఆ దారం రీలు చేతిలో పెట్టాలి. ముదురు గోధుమరంగుకు మాత్రం మా టైలరింగు షాపులో రంగు పేరు లేదు. మా పుట్టింటి జాతివాళ్ళను వెక్కిరించే పాతమాటే దాని పేరు. ఆవిడ అత్తగారు ఎప్పుడో పెట్టె మీద రాసి పోయారట.

కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు, మరి పాలిపోయిన తెల్లదారానికి మీవాళ్ళ పేరెందుకు పెట్టలేదని అడిగాను. "దారాన్ని అన్నానే గానీ నిన్నన్నానా?" అన్నారు. పెట్టె మీద "కాఫీగింజ రంగు" అని వేరే కాగితం అంటించాను. కాగితం మారింది గానీ నోరు మారలేదు.

ఆరేళ్ళకు మా నాన్న మొదటిసారి వస్తానన్నాడు. మమ్మల్ని లోకువ చేసే ఇల్లని పెళ్ళికి కూడా రాలేదాయన. తన చేత్తో కోటు కుట్టిపెట్టి వియ్యంకుడి మనసు కరిగించాలని అత్తగారి పంతం. తీసిన గుడ్డ ముదురు గోధుమరంగుదే. ఇక వారం రోజులు అంట్లు తోముతూ కూడా "కాఫీగింజ రంగు, కాఫీగింజ రంగు" అని ఒకటే జపం.

నాన్న వచ్చి కొలతలిచ్చాడు. గుడ్డకు దారం కలుస్తుందో లేదో చూపించడానికి అత్తగారు చెయ్యి చాచి, పాతమాట మింగేసి, "కాఫీగింజ రంగు" అన్నారు. ఏనుగెక్కినంత సంబరం ఆవిడకు.

అప్పుడే బొమ్మకు గౌను కుడుతున్న నా ఐదేళ్ళ కూతురు, తల ఎత్తకుండా చెయ్యి వెనక్కి చాచి ఆ పాతమాట అంది.

నాన్న తాగుతున్న కాఫీ కప్పు కింద పెట్టాడు. ఎవరు నేర్పారని అడిగాడు. మా ఆయన వీధిపిల్లల మీదకు నెట్టబోయాడు.

"నేనే అన్నయ్యగారూ," అన్నారు అత్తగారు. "మా అత్తగారి నోట్లోంచి నాకొచ్చింది, నా నోట్లోంచి దీనికి పోయింది."

తను పనిచేసిన గోదాములో ముప్పై ఏళ్ళు అదే తన పేరని, అసలు పేరు హాజరుపట్టీలోనే ఉండేదని నాన్న చెప్పాడు. నవ్వుతూనే చెప్పాడు. మాకెవరికీ నవ్వు రాలేదు. లేచి చెప్పులు వేసుకున్నాడు. కోటు సంగతి అడిగే ధైర్యం లేక అత్తగారు గుడ్డ పట్టుకుని నిలబడిపోయారు.

గుమ్మం దగ్గర ఆగాడాయన.

"ట్రయల్‌కి ఎప్పుడు రమ్మంటారు చెల్లెమ్మా?"

"మంగళవారం."

"అప్పటికి పిల్ల నోరు బాగుపడుతుందా?"

"పిల్లది బాగుపడుతుంది. నాదే, శనివారం దాకా పట్టేట్టుంది."

నాన్న శనివారమే వస్తానన్నాడు.