నలభయ్యో ముక్క

పొద్దున కరెంటు పోయి వచ్చిన దగ్గర్నుంచి కంప్యూటర్ తెర మీద తెల్లచుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయే తప్ప ముందుకు కదలడం లేదు. ఆమె వెంటనే తమ్ముడికి కబురు పెట్టింది. ఆ పెట్టెలో ఉన్నది ఆమె భర్త గొంతు.

ఆయన డ్రిల్లు మాస్టారు. మైదానం ఆ చివరకు వినపడే గొంతని పిల్లలు మైకు మాస్టారని పేరు పెట్టారు. ఆ గొంతులోనే పుండు లేచింది. గొంతు తీసేసే ఆపరేషన్‌కు ముందు వారం రోజులు ఆమె తమ్ముడు బావను కూర్చోబెట్టి మాట్లాడించి, నలభై ముక్కలుగా రికార్డు చేశాడు. ఇప్పుడాయన ఏం చెప్పాలన్నా పలక మీద రాయాల్సిందే. ఆ ముక్కల్ని ఆయన ఒక్కసారీ వినలేదు, ఎవరైనా ఊసెత్తినా మొహం గంటు పెట్టుకుంటాడు. ఆయన నడకకు వెళ్లినప్పుడు ఆమె మాత్రం తలుపు చేరవేసుకుని రోజూ ఆ నలభయ్యోదొక్కటే వినేది. ఇవాళ అది వింటుండగానే కరెంటు పోయింది.

కబురందగానే తమ్ముడు తన కంప్యూటర్ రిపేరు దుకాణం మూసి వచ్చాడు.

"కరెంటొచ్చాక ఏం చేశావక్కా?"

"వేశాను. ఏదో తనిఖీ జరుగుతోంది, ఆపొద్దని వచ్చింది. మీ బావ వచ్చేస్తారని బటన్ అదిమిపట్టి ఆపేశా. మనసొప్పక మళ్లీ వేశా. అట్లా నాలుగైదుసార్లు."

"అదేమన్నా కాలింగ్ బెల్లా!"

అంతలో మాస్టారు రానే వచ్చాడు. ఏమైందన్నట్టు చెయ్యి తిప్పాడు.

"ఏం లేదు బావా, అక్క దీనికి డ్రిల్లు చేయించింది. లే, కూర్చో, లే, కూర్చో!"

మాస్టారు భుజాలు కదిలాయి. నవ్వే, చప్పుడు లేదంతే.

"అన్నీ కొత్తగా ఎక్కిస్తే పది నిమిషాల్లో లేస్తుంది. కానీ లోపలున్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది," అంటూ తమ్ముడు మరలు విప్పాడు. డిస్కు ఊడదీసి, వైరుతో తన లాప్‌టాప్‌కు తగిలించాడు. మధ్యాహ్నం దాకా ఒక్కో ముక్కనూ అందులోకి ఎక్కించాడు. ముప్పై తొమ్మిది వచ్చాయి.

"నలభయ్యోది పేరే మిగిలింది, లోపల ఏమీ లేదక్కా. తెరిచి ఉన్నదే దెబ్బతింది."

ఆమె తెర మీద ఆ పేరునే వేలితో తడిమింది. మాస్టారు ఆమెనే చూస్తూ పలక అందుకున్నాడు. "రోజూ వింటున్నావా?"

ఆమె తలూపింది.

"అందులో ఏమన్నాను?"

ఆమె గొంతు సవరించుకుని, ఆయన మాట తీరులోనే మొదలుపెట్టింది. "ఏమే, గ్యాసు కట్టావా? గడియ పెట్టావా? సర్లే, నేను చూస్తాలే, నువ్వు పడుకో..."

తమ్ముడు తలెత్తకుండా కింద పడని మర కోసం వెతుకుతున్నాడు.

మాస్టారు రాశాడు. "తర్వాత?"

"తర్వాత ఇంకా ఉందండీ. అక్కడికొచ్చేసరికి నాకు ఏడుపొచ్చేది, ఆపేసేదాన్ని. ఇంకో రోజు విందాంలే అనుకున్నా."

ఆయన పలక చెరిపాడు. ఏదో రాయబోయి మళ్లీ చెరిపాడు. చివరికి రెండు మాటలు రాసి పలకను ఆమె వైపు తిప్పాడు.

"నాకూ గుర్తులేదు."