యాక్సియాన్ పోయింది

బోరబండ నీలమ్మ ఎన్ని సినిమాల గుంపుల్లో నిలబడిందో ఆమెకే గుర్తులేదు. పెళ్లిళ్లలో అక్షింతలు వేసింది, శవాల దగ్గర ఏడ్చింది. ఒక్క మాట అనమన్న పాపాన ఎవడూ పోలేదు. ఎనభై తొమ్మిదిలో ఫిల్మ్ నగర్‌లో ఆ మాట దొరికింది. శాస్త్రవేత్త ఇంట్లో పనిమనిషి వేషం. పరుగెత్తుకొచ్చి, "అయ్యా, యాక్సియాన్ పోయింది!" అనాలి. అంతే.

యాక్సియాన్ అంటే పరమాణువుకన్నా చిన్న కణమట. ఉందో లేదో ఎవరూ చూడలేదట. దాన్ని విలన్ సీసాలో పెట్టుకుని ఎత్తుకుపోతాడు. ఎవరూ చూడనిదాన్ని ఎలా ఎత్తుకుపోతాడని సినిమావాళ్లు అడగరు.

నీలమ్మ అంట్లు తోముతూ ఆ పేరు నాలుకకు పట్టించుకుంది. వాడకట్టంతా చెప్పుకుంది కూడా.

మొదటి 'యాక్షన్' నీలమ్మకు, రెండోది గోడ వెనక ఫైటర్లకు అని దర్శకుడు సత్యనారాయణమూర్తి ముందే చెప్పాడు. షాట్ మొదలైంది.

"అయ్యా, యాక్సియాన్..."

కిటికీ అద్దం భళ్లున పగిలింది. ఫైట్ మాస్టర్ పోచయ్య తన ఫైటర్లతో లోపలికి దూకాడు.

"కట్! నిన్నెవడు దూకమన్నాడయ్యా?"

"మీరే యాక్షన్ అంటిరి గద సార్!"

"అన్నది నేను కాదు, ఆవిడ! యాక్సియాన్ అంది!"

"గోడెన్క గట్లనే ఇనొచ్చింది సార్."

కొత్త అద్దం బిగించారు. ఈసారి పోచయ్య చెవులు రిక్కించుకుని నిలబడ్డాడు. ఇంకా తొందరగా దూకాడు.

"ఇక ఒక్క అద్దమే ఉంది," అన్నాడు మూర్తి. "మాట తీసేయండి. ఆవిడ ఏడుస్తూ వస్తే చాలు."

నీలమ్మకు దొరికిన ఒక్క మాటా పోయింది. మళ్లీ ఏడుపేనా!

మూర్తి రచయిత త్రినాథరావు మీద పడ్డాడు. "ఇంకో పేరే దొరకలేదా మీకు?"

"నేను పెట్టింది కాదండీ. అమెరికాలో ఓ సైంటిస్టు పెట్టాడు. అక్కడ బట్టలుతికే సబ్బుపొడి పేరది. లెక్కల్లో పడ్డ మరక ఈ కణంతో వదులుతుందని..."

"సబ్బు పేరా!"

నీలమ్మ ముందుకొచ్చింది. "సార్, గంత సదువుకున్నోళ్లే సబ్బు పేరు పెట్టిన్రు. నేను సబ్బే అంట. పనిమనిషికి గంతకంటే ఏం తెలుస్తది? జర ఒక్కపారి చెప్పనియ్యుండ్రి."

మూర్తి విసుగ్గా తలూపాడు. కెమెరా తిరిగింది.

"అయ్యా! సబ్బు పోయిందయ్యా!" గుండెలు బాదుకుంది నీలమ్మ. అక్కడితో ఆగలేదు. "గిప్పుడెట్ల ఉతకాలె?"

శాస్త్రవేత్త వేషగాడు పాతకాపు. తడుముకోలేదు. "ఇక లోకాన్నే ఉతికి ఆరేస్తారే వాళ్లు!"

మూర్తి పొట్ట పట్టుకుని నవ్వుతూనే "యాక్షన్!" అని అరిచాడు. పోచయ్య దూకాడు. షాట్ ఓకే. లైట్లవాళ్లు ఈలలు వేశారు.

ఆ మాటలు తనే రాశానని త్రినాథరావు తర్వాత ఊరంతా చెప్పుకున్నాడు. రచయితలంతే. తెరమీద నోరు మాత్రం నీలమ్మదే.