కంటి మీద బొట్టు

నేను ఒక తిరుగుడు బాంబును. కాగితాల మీద నా పేరు ఇంకా పొడుగ్గా ఉంటుంది. మీరు దాన్ని చదివి ముగించేలోపు నేను రెండు ఊళ్ళు దాటిపోతాను. చెప్పేదాకా ఆకాశంలో చక్కర్లు కొట్టడం, చెప్పగానే తలకిందులుగా దూకి, గుద్దుకుని చావడం, ఇదీ నా ఉద్యోగం. పనీపాటా లేకుండా తిరిగేవాణ్ణి మీరు ఇంట్లో తిడతారు. నన్ను మాత్రం తిరగడానికే తయారుచేసి, ఎంతసేపు తిరిగితే అంత గొప్పని చప్పట్లు కొట్టారు. ఇంకో సంగతి. మా జాతిలో పని సక్రమంగా చేసినవాడికి ఆత్మకథ ఉండదు. నాకు ఉందంటే మీరే అర్థం చేసుకోండి.

హైదరాబాదులో, బాలానగర్‌లోని ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నన్ను కనడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. అందులో ఎనిమిదేళ్ళు కమిటీలే. ఒక కమిటీ నా రెక్కలు పొడుగన్నది, తర్వాతది పొట్టి అన్నది, మూడోది రెండు నివేదికలనూ మెచ్చుకుని సమోసాలు తిని వెళ్ళింది. మొదటి పరీక్షలో మా అన్న, గురిపెట్టిన పాత జీపును వదిలేసి, అతిథుల కోసం వేసిన షామియానా మీదికి దూకాడు. తలలో మందు లేదు కాబట్టి సరిపోయింది. మర్నాడు పేపర్లో మాత్రం పరీక్ష విజయవంతమనే వేశారు.

నన్ను నిజంగా చేసిన మనిషి మొగులమ్మ. ఇరవై రెండేళ్ళుగా ఆ షెడ్డులో వైర్లు అతుకుతోంది. ఆ పని తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు. దసరాకు ఆయుధపూజ చేస్తూ అన్ని యంత్రాలకూ పసుపు రాసి, నా దగ్గరికొచ్చి, నూనెలో తడిపిన కుంకుమతో ముక్కు మీద ఇంత బొట్టు పెట్టింది. నా ముక్కంటే కెమెరా అద్దం. ఇంజనీరు ప్రహ్లాదరావు లబోదిబోమన్నాడు.

"అమ్మా, అది కన్ను! తోకకు పెట్టకూడదా?"

"బొట్టు ముఖానికి పెడ్తరు గానీ తోకకు పెడ్తరా సార్?"

ఎనిమిదేళ్ళ కమిటీల్లో ఆయనకు ఇంత గట్టి ప్రశ్న ఎదురుకాలేదు. రుమాలు తీసి తుడిచాడు. అద్దం అంచున సన్నటి ఎర్రగీత ఒకటి మిగిలిపోయింది. చూపుకు అది అడ్డమేమీ కాదు.

తర్వాత నన్ను పెట్టెలో పెట్టి సరిహద్దుకు పంపారు. ఏ సరిహద్దో చెప్పకూడదు, రహస్యం. అక్కడ నన్ను నడిపినవాడు బొమ్మాళి అసిరినాయుడు, సైన్యంలో నాయక్ ర్యాంకు, శ్రీకాకుళం మనిషి. కొండ కింద బంకర్లో తెర ముందు కూర్చుని నా కంటితో చూసేది అతనొక్కడే. మేజరుగారు ఎక్కడో దూరాన ఉండి వైర్‌లెస్‌లో ఆజ్ఞలిచ్చేవారు. నేను చూసింది రికార్డు చేసి దాచే యంత్రం ఒకటి ఉండాలి గానీ, దాని టెండరు ఇంకా తేలలేదు.

"తెల్లవ్యాను వస్తుంది. అందులో శత్రువులున్నారు. పక్కా సమాచారం," అన్నారు మేజరు.

వ్యాను వచ్చింది. నేను కిందికి వాలాను. ఎర్రగీత దాని మూలన అది ఉంది, మిగతాదంతా తేటగా కనిపిస్తోంది. వ్యాను వెనక నీలం యూనిఫాం వేసుకున్న పిల్లలు, ఒళ్ళో బడి సంచులు. రెండు జడల పిల్ల ఒకతి తలెత్తి నన్ను చూసి చెయ్యి ఊపింది. పుట్టిన దగ్గర్నుంచి నాకు చెయ్యి ఊపినవాళ్ళు లేరు. చెప్పొద్దూ, భయమేసింది. నా చావు గురించి కాదు.

"గుద్దించు!" అన్నది వైర్‌లెస్.

పోయిన నెల ఇలాగే అసిరినాయుడు "అనుమానంగా ఉంది సార్" అంటే, అనుమానించడం నీ డ్యూటీ కాదని, నాకు ముందువాణ్ణి గుద్దించారు. తీరా వెళ్ళి చూస్తే అక్కడ దొరికింది ఒక కాపరి కర్ర, కాలిన గొర్రెలూ. ఆ రోజు నుంచి అతనికి అన్నం సయించడం లేదు. ఇప్పుడు అతను తెర మూలకు చూశాడు.

"సార్, అద్దం మీద ఎర్రమరక ఉంది. ఏమీ కనిపించట్లేదు. గురి కుదరదు సార్."

అంతే, దాడి ఆపే మీట నొక్కాడు. నా పారాషూట్ విచ్చుకుంది. నేను గొప్ప ఆయుధాన్ని కదా, వెళ్ళి ఒక జొన్నచేలో కూలబడ్డాను.

హైదరాబాదులో విచారణ పెట్టారు. కమిటీవారు భూతద్దంతో నా కంటి అంచున కుంకుమ కనిపెట్టి, పండగ చేసుకున్నారు. మొగులమ్మను పనిలోంచి తీసేసే ఉత్తర్వు అప్పటికే టైపు అయింది.

"నేనే పెట్టిన సార్. ఎప్పటికీ పెట్టినట్టే పెట్టిన. కడుపు మీద కొట్టకుండ్రి," అంటూ ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

సాక్ష్యానికి వచ్చిన అసిరినాయుడు లేచి నిలబడ్డాడు.

"ఆవిడనేటీ అనకండి సార్. మరకేటీ అడ్డం రాలేదు. నానే అబద్దం చెప్పినాను. బండి నిండా బడిపిల్లలు సార్. ఒక గుంట చెయ్యి కూడా ఊపింది."

ఇది నివేదికలో రాస్తే పక్కా సమాచారం పక్కా కాదని కూడా రాయాలి. కమిటీ రెండుసార్లు టీ తాగి ఆలోచించి, చివరకు రాసింది: "కారణం, మేఘం." ఆ రోజు ఆకాశంలో మందుకైనా మేఘం లేదు. అయినా మేఘాన్ని పిలిచి సంజాయిషీ అడిగే అధికారం ఎవరికీ లేదు కనక ఫైలు మూసేశారు. మొగులమ్మ పని నిలిచింది. అసిరినాయుణ్ణి వంటసామాన్ల స్టోరుకు మార్చారు. ఉల్లిపాయలు ఏరుతున్నాడట, అన్నం తింటున్నాడట. ఇకమీదట బొట్టు తోకకే పెట్టాలని ఒక సర్క్యులర్ కూడా వచ్చింది.

మందు తీసేసి నన్ను షెడ్డు గుమ్మం దగ్గర బల్ల మీద కూర్చోబెట్టారు. మళ్ళీ దసరా వచ్చింది. ప్రహ్లాదరావు సర్క్యులర్ పైకి చదివాడు. మొగులమ్మ బుద్ధిగా విన్నది. విని, తిన్నగా వచ్చి నా కంటి మీదే బొట్టు పెట్టింది. పక్కన సరిహద్దుకు బయల్దేరబోతున్న మా తమ్ముళ్ళు పన్నెండుమంది వరసగా ఉన్నారు. అదే గిన్నె పట్టుకుని వాళ్ళ దగ్గరికీ వెళ్ళింది.

ప్రహ్లాదరావు రుమాలు తీసి ఆమె వెనకాలే ఒక్కొక్క అద్దం తుడుచుకుంటూ వెళ్ళాడు. ప్రతి అద్దం అంచునా ఒక ఎర్రగీతను మాత్రం కావాలనే వదిలేశాడు.