ఆకుపచ్చ అంకె

కాలుష్య నియంత్రణ కార్యాలయంలో ఇంజనీరమ్మ పొద్దస్తమానం ఒక తెర ముందు కూర్చుంటుంది. ఫ్యాక్టరీలు బయటికి వదిలే నీళ్లలో సెన్సార్లు ఉంటాయి. అవి పంపే అంకెలు ఈ తెర మీద పడతాయి. నీళ్లు మంచివైతే ఆకుపచ్చ, చెడ్డవైతే ఎరుపు. బట్టలకు రంగులద్దే ఫ్యాక్టరీ అంకె మాత్రం పుట్టి బుద్ధెరిగి ఎర్రబడలేదు. దాని లెక్కన ఆ కాలువలో పారేది వాననీళ్లకన్నా శుభ్రం. చెవిలో పువ్వు పెట్టుకున్నవాళ్లు నమ్మాలి.

ఆ ఫ్యాక్టరీ గోడ వెనక వీధిలోనే ఆమె అక్క కాపురం. రెండ్రోజులకోసారి ఫోను చేసేది.

"ఏమే, మా బోరు నీళ్లు ఇవాళ కూడా కంపు కొడుతున్నాయి. పిల్లకి మళ్లీ ఒళ్లంతా దద్దుర్లు. ఆ ఆఫీసులో కూర్చుని నువ్వు చేసేదేంటి?"

"తెర మీద అంతా బాగానే ఉందక్కా. పైపులు తుప్పు పట్టాయేమో. కాచుకుని తాగండి."

"పైపులు కొత్తవే. తుప్పు పట్టింది నీ తెరకి."

ఫోను పెట్టేశాక ఇంజనీరమ్మకు ఒళ్లు మండిపోయేది. బోరు నీళ్లు పరీక్షిద్దామంటే, అవి వేరే ఆఫీసు కిందికి వస్తాయన్నాడు పెద్దసారు. ఆ ఆఫీసుకు వెళితే, ఫ్యాక్టరీ గొడవ మీదే కదా అన్నారు. పోనీ తనిఖీకి వెళదామంటే, జీపు ఇక్కడ కదలకముందే అక్కడ మేనేజరు కూల్‌డ్రింకులతో గేటు దగ్గర నిలబడి ఉండేవాడు.

"అంకె ఎర్రబడనీ అమ్మాయ్, ఆ క్షణమే గేటు మూయిద్దాం. ఊరికే మూయిస్తే కోర్టులో మన పరువు పోతుంది" అనేవాడు పెద్దసారు. ఆయనకు ఎంత చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

ఒకరోజు మధ్యాహ్నం ఆ అంకె ఎర్రబడింది.

ఇంజనీరమ్మ కుర్చీ వెనక్కి తన్ని లేచింది. భోజనం చేస్తున్న పెద్దసారును చేయి కడగనిచ్చిందో లేదో, జీపెక్కించింది. ఈసారి గేటు దగ్గర కూల్‌డ్రింకులు లేవు. ఆమె తిన్నగా కాలువ దగ్గరికి పరుగెత్తింది.

కాలువలో నీళ్లు ముదురు ఊదారంగులో నురగలు కక్కుతున్నాయి. సెన్సారు మాత్రం అందులో లేదు. గట్టు మీద ఒక ప్లాస్టిక్ బకెట్టులో హాయిగా మునిగి ఉంది. ఇన్నాళ్లూ తాను కళ్లు కాయలు కాసేలా చూసింది ఈ బకెట్టునన్నమాట! ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇంతలో మేనేజరు రొప్పుతూ వచ్చాడు. బకెట్టు దొరికిపోయిందన్న బాధ ఆయన మొహంలో లేదు. ఎర్ర అంకె పడిందన్న మంటే ఉంది. సెన్సారు చూసుకునే ఆపరేటరు మీద విరుచుకుపడ్డాడు.

"రోజూ క్యాన్ నీళ్లే పొయ్యమన్నానా లేదా?"

"క్యాన్ల బండి రాలేదు సార్. బకెట్టు ఖాళీ అయిపోతోందని గోడ అవతలి కుళాయికి పైపు తగిలించి పట్టాను."

మేనేజరు మొహం వెలిగిపోయింది. ఇంజనీరమ్మ వైపు తిరిగాడు.

"విన్నారుగా మేడమ్! ఇవి మా నీళ్లే కావు. వీధి బోరు నీళ్లు. జనం రోజూ తాగేవే! వీటికి ఎర్ర అంకె వస్తే మా తప్పెలా అవుతుంది?"

పెద్దసారు అక్కడికక్కడే గేటుకు సీలు వేయమన్నాడు. ఏడాదిగా ఆమె ఎదురుచూసిన మాట అదే. ఇప్పుడు దాని మీదికి ఆమె మనసే పోలేదు. బకెట్టులో నీళ్లు తేటగా ఉన్నాయి. వంగితే ఆమె మొహం కనిపించింది. కాచుకుని తాగమన్నది తనే.

వెంటనే అక్కకు ఫోను చేసింది.

"అక్కా, ఆ బోరు నీళ్లు తాగకండి. కాచినా సరే, పిల్లకి ఒక్క చుక్క కూడా పట్టకు."

"ఓహో," అంది అక్క. "ఇప్పటికి నీ తెర చెప్పిందా?"

గేటు మూయించిన సంగతి ఎత్తకుండానే ఇంజనీరమ్మ ఫోను పెట్టేసింది.