మా ఆయన బటన్ ఫోను ప్రమాణం

మా ఆయన టచ్ ఫోను మానేశాడు. చిత్తూరులో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. మార్కెట్లో నాకు బెండకాయలు తూచే ఆవిడ కూడా "సారు గొప్పోడు తల్లీ" అంటుంది. గొప్పోడే. ఆయన మానేసిన ఫోను ఎవరి చేతుల మీద నడుస్తోందో ఆవిడకు తెలియదు, అంతే.

ఆయన పేరు మునిచంద్ర. ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాడు. పోయినేడు వానాకాలం దాకా ఆయన చేతిలో ఫోను, ఫోనులో ఆయన. ఎడమచేత్తో తెర జరుపుతూ కుడిచేత్తో అన్నం కలిపేవాడు. పప్పుకు బదులు మజ్జిగ పోసినా తెలిసేది కాదు. ఆ టచ్ ఫోనులోనే రోజుకు మూడుసార్లు ఫేస్‌బుక్కులో "ఆ రోజుల్లో బటన్ ఫోన్లు ఎంత బాగుండేవి" అని రాసేవాడు. చిన్న తెర, పాము ఆట, నొక్కితే టిక్కుమనే మీటలు, వారం రోజులు నిలిచే చార్జింగు, కింద పడితే నేలకే దెబ్బ. లైకులు వచ్చేకొద్దీ ఆవేశం పెరిగింది. ఒక ఆదివారం తెల్లారే తలకు పోసుకొని "కాణిపాకం పోతాండా" అన్నాడు.

మా జిల్లాలో కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణమంటే ఆషామాషీ కాదు. తాగుబోతులు అక్కడికి పోయి ఇక ముట్టమని ఒట్టు పెట్టుకుంటారు. దొంగెవరో తేలకపోతే అనుమానం ఉన్నవాణ్ని అక్కడికే రమ్మంటారు. పోలీసులకు భయపడనివాడు కూడా ఆ స్వామికి భయపడతాడు. పెళ్లాం పుస్తెలు తాకట్టు పెట్టి తాగేవాడు బుద్ధి వచ్చి చేసే ప్రమాణాన్ని మా ఆయన పాము ఆట కోసం చేశాడు. ఈ జన్మలో టచ్ ఫోను ముట్టనని స్వామికి చెప్పేసి, ఇంటికొచ్చి ఆ సంగతి నా చేత ఫేస్‌బుక్కులో పెట్టించాడు. తన ఫోను అమ్మేసి, బస్టాండు దగ్గర పాత ఫోన్ల అంగట్లో ఒక బటన్ ఫోను కొన్నాడు. దాని మూడో మీట పనిచేయదు. అదీ ఒక అందమేనట.

ప్రమాణం ఆయనదే గానీ దాన్ని మోయాల్సింది నేనని మర్నాడు పొద్దున తెలిసింది.

వాళ్ల కాలేజీలో హాజరు ఫోనులో వేస్తారు. గేటు లోపల నిలబడి, పొద్దున తొమ్మిదింపావుకు ఒకసారి, సాయంత్రం నాలుగున్నరకు ఒకసారి ఫోనుకు ముఖం చూపించాలి. ఒక మనిషి హాజరు ఒక ఫోనులోనే పడుతుంది. మార్చాలంటే ప్రిన్సిపాలుకు అర్జీ పెట్టుకోవాలి. ఈయన తన ఫోను అమ్మేటప్పుడు అర్జీ పెట్టి దాన్ని నా ఫోనుకు మార్పించుకున్నాడు. నన్నొక మాట అడగలేదు. అప్పటినుంచి రోజుకు రెండుసార్లు నేను కాలేజీకి పోతాను. పొద్దున ఆయన స్కూటరు వెనక కూర్చుని, సాయంత్రం ఆటోలో. దిగి, ఆయన ముఖానికి ఎదురుగా ఫోను హారతి పట్టినట్టు పట్టుకుంటాను. ఆయన కళ్లద్దాలు తీసి రెప్పలు ఆడిస్తాడు. హాజరు పడుతుంది. గేటు కాసే కాశిం సాహెబ్ పాపం మర్యాదస్తుడు, ఆ కాసేపు ఆకాశం చూస్తాడు. తర్వాత ఆయన ప్రశాంతంగా క్లాసుకు పోతాడు, నేను ఆటో ఎక్కి ఇంటికొస్తాను.

కరెంటు బిల్లు నేనే కట్టాలి, గ్యాసు నేనే చెప్పాలి, బ్యాంకు నుంచి ఓటీపీ నంబరు వస్తే నేనే చదివి వినిపించాలి. వీటన్నిటికంటే నాకు మండేది రాత్రి భోజనాలయ్యాక చేసే పని. ఆయన పడక్కుర్చీలో వెనక్కి వాలి "ఫోను లేని బతుకెంత హాయి" అని చెబుతుంటాడు, నేను కూర్చుని టైపు చేస్తుంటాను. కామా ఎక్కడ పెట్టాలో కూడా చెబుతాడు. గిన్నెలు తోముతుంటే "లైకులెన్నొచ్చినాయి, వేణీ" అని కేక. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే.

ఆ రోజులు నాకూ తెలుసు. పెళ్లి కుదిరాక ఆయన చిత్తూరులో, నేను నగరిలో. మా నాయన మగ్గం నేసేవాడు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను నాయనది. ఈయన దానికి మిస్‌డ్ కాల్ ఇస్తాడు. నేను నాయన్ను బతిమాలి, దొడ్లోకి పోయి తిరిగి చేయాలి. అది ప్రేమ అని ఈయన ఇప్పుడు రాయిస్తాడు. పెళ్లయ్యాక కూడా ఇంటికి ఒకటే ఫోను. అది ఈయన చొక్కా జేబులో ఉండేది. మా అమ్మను తిరుపతి ఆసుపత్రికి తీసుకుపోయిన రోజు మా తమ్ముడు ఆ ఫోనుకు పదిసార్లు చేశాడు. ఈయన క్లాసులో ఉన్నాడు, తర్వాత స్నేహితులతో టీకి పోయాడు. నాకు సాయంత్రం చెప్పాడు. నేను పోయేసరికి అమ్మకు మాట పడిపోయింది. ఇంక నాతో మాట్లాడలేదు. ఆ ఫోనులో చార్జింగు మాత్రం నిండుగా ఉంది. కాబట్టి ఆ రోజులు బాగుండేవని ఎవరైనా అంటే, అప్పుడు ఫోను ఎవరి జేబులో ఉండేదని అడగాలనిపిస్తుంది.

నాకంటూ ఫోను వచ్చి ఆరేళ్లయింది. నగరిలో తమ్ముడు మునిప్రసాద్ నేసే నూలు చీరలు అందులో చూపించి అమ్ముతాను. మొదట వీధిలోవాళ్లు, తర్వాత తిరుపతిలో నర్సులు, టీచర్లు కొన్నారు. ఈ మధ్య బేరం పడిపోయింది. మునిప్రసాద్ నాలుగు మగ్గాల్లో రెండు నిలిపేశాడు. "ఈ నెల చూస్తానక్కా. కాకుంటే మగ్గాలమ్మేసి సూళ్లూరుపేట కంపెనీలో ప్యాకింగు పనికి పోతా" అన్నాడు. వాడి చేతి నేత ఎలాంటిదో నాకు తెలుసు. ఆ చేతులు అట్టపెట్టెలకు టేపు అంటించడం నేను తలచుకోలేను.

అలాంటప్పుడు దొరికింది రుక్మిణమ్మ. చెన్నైలో పెద్ద చీరల కొట్టు ఆమెది. నెలకు ఎనభై చీరలు తీసుకోవచ్చని చెప్పింది. "ఆదివారం నాలుగు నుంచి అయిదు లోపల వీడియోలో చూపించమ్మా. నేను ఒకసారే చేస్తాను. తీయలేదంటే వేరే వాళ్లను చూసుకుంటాను" అంది.

అదే ఆదివారం, అదే నాలుగింటికి మా ఆయనకు సన్మానం. అలనాటి మిత్రమండలి అని రిటైరైనవాళ్ల సంఘం ఒకటుంది. టచ్ ఫోనును జయించిన మహనీయుడికి శాలువా కప్పుతామని వాట్సాప్‌లో పిలుపు పంపారు. ఆ పిలుపు వచ్చింది కూడా నా ఫోనుకే.

"నాకు చెన్నై కాల్ ఉండాది. నేను రాలేను" అన్నాను.

"నువ్వు రాకుంటే వీడియో ఎవరు తీస్తారు?"

"ఆడ వంద ఫోన్లుంటాయి. ఎవురో ఒకరు తీస్తారు."

"వాళ్లు తీస్తే వాళ్ల దాంట్లో పెట్టుకుంటారు. మన దాంట్లో రావాల. చీరలదేముంది, రాత్రికి మాట్లాడుకో. ఆ యమ్మ యాడికి పోతాది?"

ఆమె ఎక్కడికైనా పోతుంది, చెన్నైలో చీరలమ్మే ఆడవాళ్లకు కొదవా? ఆ మాట అనాల్సింది. అనలేదు. కాల్ వస్తే బయటికి పోవచ్చులే అని నాకు నేనే సర్దిచెప్పుకొని, ఆరు చీరలు సంచిలో పెట్టుకొని వెంట నడిచాను. ఇన్నేళ్లుగా చేస్తున్న తెలివితక్కువ పనే ఆ రోజూ చేశాను.

కల్యాణమండపంలో మొదటి వరస కుర్చీ నాకు. సంఘం అధ్యక్షుడు సుబ్రమణ్యం శాలువా కప్పాడు. కప్పేటప్పుడు ఆ అధ్యక్షుడి జేబులోనే టచ్ ఫోను మోగింది, ఎవరూ నవ్వలేదు. మా ఆయన మైకు అందుకుని, ముందు నా వైపు చూసి "నిలువుగా కాదు, అడ్డంగా పట్టుకో" అన్నాడు. అది కూడా మైకులో వినిపించింది.

తర్వాత మొదలుపెట్టాడు. మీట నొక్కితే మనసు పలికే రోజులవి అన్నాడు. ఒక్క మాట పంపడానికి పది మాటలు ఆలోచించేవాళ్లమన్నాడు. ఆ ఫోన్లు మనుషుల్ని కలిపాయి, ఈ ఫోన్లు విడగొట్టాయన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. కొట్టడానికి ముందు చేతుల్లో ఫోన్లు ఒళ్లో పెట్టుకున్నారు. మా అమ్మ మాట పడిపోయిన సాయంత్రం నా కళ్ల ముందుకొచ్చింది. అయినా ఫోను అడ్డంగానే పట్టుకున్నాను.

నాలుగూ నలభైకి తెర మీద రుక్మిణమ్మ పేరు వచ్చింది.

నేను లేవబోయాను. ఫోను కాస్త కిందికి దిగింది. మా ఆయన మాట్లాడుతూనే రెండు వేళ్లు పైకి ఆడించాడు, ఎత్తిపట్టుకోమని. అంతే, నా వేలు కాల్ కట్ చేసేసింది. ఆ రెండు వేళ్లు ఆడితే మంచినీళ్లు తెచ్చాను, చొక్కా తెచ్చాను, టీవీ కట్టేశాను. పదహారేళ్ల అలవాటు బుర్రను అడగలేదు. తెర మీద మళ్లీ ఆయన, నోరు తెరిచి, శాలువాతో. నా మీద నాకే అసహ్యం వేసింది. తమ్ముడి మగ్గాలను ఒక్క వేలితో అమ్మేశానని అనిపించింది.

సంచి పట్టుకుని లేచాను. వేదిక ముందు నుంచే నడిచి బయటికి పోయాను. మైకులో ఆయన మాట ఒక్క క్షణం తడబడింది.

వరండాలో నిలబడి తిరిగి చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. మూడోసారి ఎత్తింది.

"ఏమ్మా, నువ్వే కట్ చేస్తివే."

"తప్పయిందమ్మా. ఈడ మా ఇంటాయనకు సన్మానం జరగతాండాది. వీడియో తీస్తా వుండినా."

"దేనికి సన్మానం?"

"టచ్ ఫోను మానేసినందుకు."

"నువ్వు దేంట్లో తీస్తా వుండావు?"

"నా టచ్ ఫోన్లో."

రుక్మిణమ్మ నవ్వింది. చెన్నై కొట్టంతా తిరిగి చూసేంత నవ్వు. "సరేలే, చీరలు చూపించు" అంది. నేను భోజనాల బల్ల మీద వడల పళ్లాలు పక్కకు జరిపి ఆరు చీరలూ పరిచాను. అంచు చూపించమంది, పోగు చూపించమంది, వెనకవైపు తిప్పమంది. తిప్పాను. ఆఖరికి "రేపు మధ్యాహ్నం నా వ్యాను నగరికొస్తాది. పొద్దున తొమ్మిదికి నువ్వు ఆడ వుండి, ఒక్కో చీర నాకు చూపించి మూటలు కట్టించాల. నీ తమ్ముడు కాదు, నువ్వు. నీకే తెలుస్తాది" అంది. లోపల ఇంకా చప్పట్లు వినిపిస్తున్నాయి. చాలా రోజుల తర్వాత నాకు కడుపునిండా సంతోషం వేసింది.

ఇంటికొచ్చాక శాలువా తీయకముందే వీడియో అడిగాడు. చూపించాను. నాలుగు నిమిషాల ప్రసంగం, తర్వాత కాసేపు నా చెప్పులు, తర్వాత ఏమీ లేదు.

"ఇంతేనా? అసలైన మాటలన్నీ తరవాతే కదా చెప్పినాను."

"నేను చెన్నై కాల్ మాట్లాడతా వుండినా."

"వంద మందిలో నా పరువు తీసినావు వేణీ. కట్టుకున్న పెళ్లామే లేచి పాయ."

"రేపు పొద్దున ఆరు గంటల బస్సుకు నగరికి పోతాండా. ఫోను నాతోనే వస్తాది" అన్నాను.

"మరి నా హాజరు?"

"నేను ప్రమాణమేమీ చేయలేదే."

ఆయన నవ్వాడు. నేను పోనని ఆయన నమ్మకం. ఆ నవ్వు చూశాకే నేను నిజంగా పోతానని నాకు తెలిసింది.

పొద్దున తొమ్మిదింటికి నేను నగరిలో తమ్ముడి మగ్గాల మధ్య కూర్చుని ఉన్నాను. నిలిపేసిన రెండు మగ్గాలను కూడా మునిప్రసాద్ దుమ్ము దులుపుతున్నాడు. తొమ్మిదీ పదికి ఫోను మోగింది. మా ఆయన.

"యాడుండావు?"

"నగరిలో. చెప్పినా కదా."

"నేను గేటు కాడ నిలబడుకోనుండా. ప్రిన్సిపాలు నిన్న సన్మానంలోనే నన్ను మెచ్చుకున్నాడు. ఇప్పుడు ఆయన ఫోను తీసుకోని ముట్టుకుంటే నా ఒట్టు ఏమైపోవాల? పట్టుకోమని అడిగితే నా బతుకు ఏమైపోవాల?"

"ఆయన ఫోన్లో పడదు. మార్చాలంటే అర్జీ పెట్టాల."

"అర్జీలో ఏమని రాయాల్నే? పెళ్లాం ఊరికి పాయనని రాయాల్నా?"

"అదే రాయండి. నిజమే కదా."

అవతల కాశిం సాహెబ్ ఎవరికో గేటు తీస్తున్న చప్పుడు వినిపించింది. మా ఆయన గొంతు తగ్గింది. చాలా ఏళ్లకు బతిమాలే గొంతు విన్నాను. నాకు జాలి వేయలేదు.

"వేణీ, నన్నేం చేయమంటావో చెప్పు."

"ప్రిన్సిపాలుకు చేసి ఒకరోజు సెలవు అడుక్కోండి. దానికి మీ ఫోను చాలు."

ఆయన ఇంకా ఏదో అంటున్నాడు. తెర మీద రుక్మిణమ్మ పేరు వచ్చింది. నేను మా ఆయన కాల్ కట్ చేశాను.