నాలుగో శాంపిల్

ల్యాబులో పరీక్ష మొదలై నలభయ్యో నిమిషం. పరీక్షబల్ల మీద మూడు కారు ఛార్జర్లున్నాయి. వాటిలో ఒకదాని కొన మెత్తబడి పక్కకు ఒరుగుతోంది. ముక్కు బద్దలయ్యే కాలిన వాసన. పూర్తి కరెంటును నిండా గంటసేపు తట్టుకుంటేనే ఆమె పాస్ అని సంతకం పెట్టాలి.

తయారుచేసిన కంపెనీవాళ్లు పంపినవి నాలుగు. చిన్న పరీక్షలన్నీ నెగ్గాయి కదా అని, మొన్న ఒకదాన్ని సంచిలో వేసుకెళ్లి బావకిచ్చింది. శాంపిల్ గడప దాటకూడదని కొత్తగా చేరినవాళ్లకు గొంతు చించుకుని చెప్పేది తనే! ఇప్పుడా నాలుగోది బావ కారులో, నాన్న ఊపిరియంత్రానికి కరెంటు అందిస్తోంది. వాళ్లిద్దరూ ఆసుపత్రికి బయల్దేరి అరగంట దాటింది.

బావకు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగింది. నాన్నకు చేస్తే యంత్రం హోరులో ఆయనకు ఫోను మోత వినపడదు. బండి నడుపుతూ ఫోనెత్తొద్దని బావకు క్లాసు పీకిందీ తనే. మళ్లీ మళ్లీ చేసింది. ఐదోసారికి ఎత్తాడు.

"ఏంటి మరదలా, బండి పక్కకి ఆపించేశావ్?"

"ఛార్జర్ పీకెయ్ బావా! గుడ్డతో పట్టుకుని పీకు!"

ఏదో చప్పుడు. "అమ్మో! సగమే ఊడొచ్చింది. మిగతాది సాకెట్‌కి అతుక్కుపోయింది. పొగొస్తోంది."

"ఇంజను ఆపు. ముందు నాన్నని దించు!"

తలుపు తీసిన చప్పుడు, దగ్గు.

"దించేశాను. యంత్రం బ్యాటరీ మీద నడుస్తోంది. ఇదిగో, మామయ్య."

"నాకేం కాలేదు చిట్టీ," అన్నాడు నాన్న, మాటమాటకీ గాలి పీల్చుకుంటూ. "వాసన ఇందాకట్నుంచీ వస్తూనే ఉంది. నువ్వు చూసి ఇచ్చిందే కదా, ఏం కాదులే అని ఊరుకున్నాం."

వేరే బండి పిలవమని బావకు చెప్పి, ఆమె పరీక్షబల్ల దగ్గరకు తిరిగొచ్చింది.

గంట పూర్తయింది. మిగతా రెండూ తట్టుకున్నాయి. పైఅధికారి వచ్చి చూసి పెదవి విరిచాడు.

"ఒక్కటే కరిగిందా? ఏదో ఒక పీసు తేడా అంటారు, ఇంకోటి పంపుతారు, అమ్ముకుంటారు. రెండు పోతేనే మోడల్ మొత్తం ఆపగలం. ఇంతకీ నాలుగోది ఏదీ?"

కనబడలేదంటే సరిపోతుంది. ఉద్యోగమూ నిలుస్తుంది. ఆమె రిజిస్టరు దగ్గరకు లాక్కుంది.

"నాలుగో శాంపిల్: మా నాన్న వెళుతున్న కారులో కరిగింది. నియమం తప్పి బయటికి తీసుకెళ్లింది నేనే," అని రాసి, కింద సంతకం పెట్టింది.