ఎనిమిది కుట్లు

బల్ల మీద పడేసిన బెల్టుకి రక్తం ఎండి అంటుకుపోయి ఉంది.

వీధి చివరి ఇరవై అంతస్తుల భవనానికి రంగులు వేస్తున్న మనిషి నిన్న నడుముకి కట్టుకున్నది అదే. కుట్టు విడిపోయింది. మనిషి నేలమీద పడ్డాడు. మళ్లీ లేవలేదు.

“ఈ కుట్టు ఎవరిది?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

మేడమీద బెల్టులు కుట్టే షెడ్డు అది, అందులో పన్నెండుమంది పనివాళ్లు. పుర్రక్క బెల్టుకేసి చూసింది. ఎడమచేత్తో కుట్టేది తనొక్కతే, ఆ పేరొచ్చిందే అందుకు. అందరి కుట్లూ కుడికి వాలతాయి, తనవి ఎడమకి. బల్లమీది కుట్లు ఎడమకే వాలి ఉన్నాయి.

అంగుళానికి ఎనిమిది కుట్లు. పని నేర్పిన రోజున షెడ్డులో అందరికన్నా ముసలిదైన పెద్దమ్మ చెప్పిన మొదటి మాట అది. రెండు నెలల కిందట బెల్టులు కుట్టించే కాంట్రాక్టర్ నాలుగు చాలన్నాడు. “లోపలి కుట్టు ఎవడు చూస్తాడే?” అన్నాడు. పెద్దమ్మ గట్టిగానే గొడవపడింది. గేటు చూపించేసరికి అందరితోపాటు ఆమే తల వంచింది.

ఇప్పుడా కాంట్రాక్టర్ ఇన్‌స్పెక్టర్ పక్కన నిలబడి, “నేను మంచి పనే చెయ్యమన్నాను సార్. ఎవరో ఒళ్లు బద్ధకమెక్కినవాళ్లు చేశారు,” అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ తోలుముక్కలు పంచాడు. “తలా ఒక అంగుళం కుట్టండి. నా ఎదురుగా.”

పుర్రక్క సూదిలోకి దారం మూడుసార్లు తప్పింది. పక్కనుంచి “అబ్బా” అని వినిపిస్తే ఓరగా చూసింది. పెద్దమ్మ సూది ఎడమచేత్తో పట్టుకుంది. వేలు గుచ్చుకుని రక్తం కారుతోంది. ఆమె వెనక పొట్టి మామ. అతని వెనక మిగతావాళ్లు. అందరి సూదులూ ఎడమచేతుల్లోనే.

పన్నెండు ముక్కలూ ఎడమకే వాలాయి.

“ఏంటే ముసలీ, అందరూ పుర్రచేతివాళ్లేనా?” అన్నాడు ఇన్‌స్పెక్టర్ పెద్దమ్మతో.

“మిమ్మల్ని చూసిన భయానికి ఏ చెయ్యి ఏదో తెలీలేదు బాబూ. చెయ్యి సంగతి సరే, కుట్లు లెక్కపెట్టండి.”

వంకరటింకరగా ఉన్నా అన్నిట్లోనూ ఎనిమిదే. తెగిన బెల్టుకి నాలుగు.

నోరు మూసుకుంటే పుర్రక్క బతికిపోతుంది. కానీ మూలన నలభై బెల్టులున్నాయి. మధ్యాహ్నం ఆ భవనానికే వెళ్లాలి. అన్నీ నాలుగేసి కుట్లవే. లేచింది. ఒక బెల్టు తీసి కాంట్రాక్టర్ ముందు పెట్టింది.

“ఆ తెగిన కుట్టు నాదే. నాలుగు చాలన్నది మీరు. ఇది కట్టుకుని ఆ కిటికీలోంచి దిగండి. తాడు మేం పట్టుకుంటాం.”

కాంట్రాక్టర్ రెండడుగులు వెనక్కి వేశాడు. ఇన్‌స్పెక్టర్ అది చూశాడు. చూసి కూడా పుర్రక్క రెక్క పట్టుకున్నాడు.

“ఒప్పుకుంది. జీపెక్కించండి.”

జీపు వీధిలో వెనక్కి తిరుగుతుంటే ఆమె బయటికి చూసింది. పదకొండుమందీ ఆ నలభై బెల్టులూ భుజాన వేసుకుని భవనం వైపు పరుగెడుతున్నారు. పొట్టి మామ గొంతు చించుకుంటున్నాడు.

“దిగండిరా! మీరు కట్టుకున్నవీ తెగేవే! కుట్టినోళ్లమే చెబుతున్నాం, దిగండి!”

గోడమీద రంగు వేస్తున్న చేతులు ఆగాయి. ఒక్కొక్క మనిషే తాడు పట్టుకుని కిందికి జారాడు. కాసేపటికి గోడంతా ఖాళీ.

దిగినవాళ్లతో జీపు ముందు రోడ్డు నిండిపోయింది. జీపు ఆగింది. బానెట్ మీద రంగు అంటిన చేతులు దబదబా పడ్డాయి.

పుర్రక్క తన ఎడమచేతిని కిటికీలోంచి ఆ చేతుల వైపు చాచింది.